మండి కాదు, మండ

శ్రీజ మగ్గం గుంటలో పడిన రోజున సుమ ఓపిక అయిపోయింది.

పిల్లకు పెద్ద దెబ్బేమీ తగల్లేదు. నుదుటి మీద రేగుపండంత బొప్పి కట్టింది, అంతే. కానీ పెరట్లో బట్టలు ఆరేస్తున్న సుమ కేక విని పరుగున వచ్చేసరికి, రెండున్నరేళ్ల పిల్ల గుంట అడుగున తొక్కుడు చెక్కల మధ్య ఇరుక్కుని గుక్కపట్టి ఏడుస్తోంది. రెండడుగుల దూరంలో అత్త భాగీరథమ్మ చేతులు రెండూ ముందుకు చాచి, లేవబోయి లేవలేక, చాప మీద పక్కకు ఒరిగిపోయి ఉంది.

"చూస్తానే ఉండా సుమా. పిల్ల గుంట కల్లా పోయేది కండ్లారా చూస్తానే ఉండా. లేస్తామంటే కాలు నిలబడనీలే," అంది భాగీరథమ్మ. 

సుమ పిల్లనెత్తుకుని బొప్పి మీద చల్లటి చెంబు అదిమిపెట్టింది. నోటిదాకా వచ్చిన మాటలన్నీ మింగేసింది. ఏమని అంటుంది? కాలు బాగాలేని మనిషి దగ్గర పిల్లను వదిలి పోయింది తనే. అయినా రెండేళ్ల కిందట అంత పెద్ద ఆస్పత్రిలో లోహపు కీలు వేయించుకున్న కాలు మళ్లీ నిలబడనీయడం లేదంటే, అది ఎవరి తప్పు?

బెంగళూరు పక్క ఆనేకల్‌లో వాళ్లుండే వీధంతా కరెంటు మగ్గాల చప్పుడే. చేతిమగ్గం మిగిలింది భాగీరథమ్మ ఇంట్లో ఒక్కటే. పదహారో ఏట గుంటలోకి కాళ్లు దించిన మనిషి ముప్పై అయిదేళ్లకు పైగా పట్టుచీరలు నేసింది. ఒకసారి గుంటలోంచి పైకెక్కుతూ జారి ఎడమ చీలమండ విరగ్గొట్టుకుంది. కట్టు కట్టించుకుని, నెల తిరక్కముందే మళ్లీ తొక్కుడు చెక్క మీద పాదం పెట్టింది. ఎముక అతుక్కుంది గానీ వంకరగా అతుక్కుంది. ఏళ్లు గడిచేకొద్దీ కీలు అరిగి, ఎముకకు ఎముక రాసుకుని, పొద్దున లేచి నాలుగడుగులు వేయాలంటే గోడ పట్టుకునే స్థితి వచ్చింది.

సుమ బాలింతగా ఉన్న 2006లో బెంగళూరు పెద్దాస్పత్రి డాక్టరు రెండు దారులు చెప్పాడు. మరలు బిగించి ఎముకల్ని ఒకటిగా అతికిస్తే నొప్పి పోతుంది, కానీ పాదం ఇక పైకీ కిందికీ ఆడదు. లేదంటే అరిగిన కీలు తీసేసి లోహపు కీలు వేయొచ్చు. అది ఆడుతుంది. కానీ ఎన్నేళ్లు నిలుస్తుందో ఎవరూ చెప్పలేరు. మోకాళ్లకైతే రోజూ వేస్తున్నాం, చీలమండకు వేసినవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు అన్నాడాయన.

భాగీరథమ్మ ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు. "ఆడల్లప్పా," అంది. "పాదం ఆడకపోతే మగ్గం యాడ తొక్కేది?"

మొదటి ఏడాది బంగారంలా గడిచింది. ఆమె కర్ర పక్కన పెట్టింది. మగ్గం మీద కూర్చుంది. మనవరాలిని చంకనేసుకుని అంగడి దాకా పోయొచ్చింది. రెండో ఏడాది సగమయ్యేసరికి సాయంత్రాలు మడమ పైన వాపు మొదలైంది. తర్వాత పొద్దునపూట కూడా. ఉప్పు కాపడం, నూనె మర్దన, ఒకటి తర్వాత ఒకటి అన్నీ అయ్యాయి. "పోటు పొడుస్తాండాది సుమా", "లోపల ఏందో కదిల్నట్లుండాది సుమా" అని రోజుకు పదిసార్లు అనేది. అన్నం వండుతున్నా అదే మాట, పిల్లకు నీళ్లు పోస్తున్నా అదే మాట.

ఆ మాట ఆస్పత్రివాళ్లకు మాత్రం చెప్పేది కాదు. సుమకు ఒళ్లు మండేది అక్కడే.

ఆరునెలలకొకసారి ఆస్పత్రి నుంచి ఫోను వచ్చేది. కాలు ఎలా ఉందో కనుక్కుని రాసుకోవడానికట. భాగీరథమ్మ పైట సర్దుకుని, గొంతు సవరించుకుని, కన్నడంలో మాట్లాడేది. సుమకు వంటింట్లోంచి ఇటువైపు మాటలే వినిపించేవి. "ఇల్లమ్మా, నోవిల్ల... బగ్గత్తె, చెన్నాగి బగ్గత్తె... మెట్టిలు హత్తువాగలూ ఇల్ల." నొప్పి లేదట. బాగా వంగుతోందట. మెట్లెక్కినా ఏమీ కావడం లేదట. పోటు మొదలయ్యాక కూడా అదే జవాబు చెప్పి, ఫోను పెట్టేసి, కుంటుకుంటూ వచ్చి, గడప మీద కూలబడి, "అమ్మా, పోటు," అనేది.

పోయిన నెల నాలుగోసారి ఫోను వచ్చినప్పుడు సుమ ఉండబట్టలేక అడిగేసింది. "వాళ్లకేమో బాగుండాదంటివి. నాకేమో పోటంటావు. ఏది నిజం అత్తా?"

"అడిగిందానికి చెప్పినా," అంది భాగీరథమ్మ, మొహం తిప్పుకుని.

ఆ రాత్రి సుమ మొగుడు మునిరాజుతో అంది. అతను చందాపుర దగ్గర ఫ్యాక్టరీలో షిఫ్టు దిగి వచ్చి అన్నం ముందు కూర్చున్నాడు. "అమ్మకు ఆస్పత్రంటే భయం. మళ్లా కోస్తారని దాస్తాంటుంది," అన్నాడు. సుమకు ఇంకో అనుమానం ఉంది. అత్తకు నిజంగా అంత నొప్పి లేదేమో. తన చేత పని చేయించుకోవడానికి, తనను కూర్చోనివ్వకుండా ఉండడానికి ఇదొక వంకేమో. ఈ అనుమానం ఆమె మొగుడికి కూడా చెప్పలేదు. శ్రీజ గుంటలో పడినప్పుడు అత్త ముఖం చూశాక ఆ అనుమానం చచ్చిపోయి, దాని చోట కోపం మిగిలింది.

శ్రీజ పడిన సాయంత్రమే సుమ ఆస్పత్రికి ఫోను చేస్తే, "మీ పేషెంట్ చెన్నాగిద్దారల్లా, రికార్డల్లి ఇదే," అన్నారు. అంతా బాగుందని రాసి ఉన్నప్పుడు డాక్టరుతో పనేమిటని వాళ్ల ఉద్దేశం. వరుసలో రావాలంటే జనవరి అన్నారు. అది అక్టోబరు. సుమ ఫోను పెట్టేసి మునిరాజుతో, "రేపు నేనే పిల్చుకుపోతా. జనవరి దాకా పిల్లను ఏ గుంటలోంచి తీసేది?" అంది.

మర్నాడు పొద్దున్నే పిల్లను చంకనేసుకుని, అత్తను చెయ్యిపట్టి బస్సెక్కించింది. చందాపుర దాటినాక రోడ్డంతా తవ్విపోసి ఉంది. నెత్తిన పొడుగాటి వంతెన కడుతున్నారు. బస్సు ఒక గుంతలోంచి లేచి ఇంకో గుంతలో పడుతోంది. పడినప్పుడల్లా భాగీరథమ్మ ముందు సీటు కడ్డీ పట్టుకుని కళ్లు మూసుకుంటోంది. సుమ ఒడిలోని ప్లాస్టిక్ కవరు మాటిమాటికీ తడిమి చూసుకుంది. అందులో ఆస్పత్రి కార్డు ఉంది. రెండేళ్లుగా దాన్ని ఆమె బీరువాలో పట్టుచీరల మధ్య దాచింది.

ఆ కార్డంతా ఇంగ్లీషు. సుమ పుంగనూరు పక్క పల్లెలో ఎనిమిదో క్లాసు సగంలో బడి మానేసింది. తెలుగు గడగడా చదువుతుంది. ఇక్కడికొచ్చాక అక్షరాలు దగ్గరదగ్గరగా ఉంటాయి కాబట్టి కన్నడం కూడా కూడబలుక్కుంటుంది. ఇంగ్లీషు మాత్రం ఒక్కో అక్షరమే. కార్డు మీద అత్త పేరు కింద ఒక గడిలో పెద్ద అక్షరాలతో నాలుగు ఉన్నాయి. కె, ఎన్, ఇ, ఇ. "క్నీ" అని చదువుకుంది చాలాసార్లు. ఏదో మాత్ర పేరో, వార్డు పేరో అనుకుంది. ఎవరినీ అడగలేదు. ఇంత కూడా తెలీదా అంటారని సిగ్గు.

ఆస్పత్రిలో కార్డు చూసి చీటీ ఇచ్చారు. డాక్టరు దగ్గరికి వెళ్లే ముందు ఎక్స్‌రే తీయించుకోమన్నారు. ఎక్స్‌రే గదిలో నీలం చొక్కా మనిషి భాగీరథమ్మను బల్ల మీద పడుకోబెట్టి, చీర మోకాలి దాకా జరిపి, మోకాలి కింద ఎక్స్‌రే పలక పెట్టాడు.

"అదికాదప్పా," అంది భాగీరథమ్మ లేవబోతూ. "కిందికి. కిందికి."

"అజ్జీ, సుమ్నె మలగి. కార్డల్లి ఏనిదెయో అదే తెగియోదు." కార్డులో ఏముంటే అదే తీస్తాడట, ఊరికే పడుకోమంటున్నాడు.

"కీలుండేది ఆడ కాదు సుమా. నువ్వైనా చెప్పు."

సుమ చంకలో శ్రీజ గింజుకుంటోంది. బయట ఇరవై మంది వరుసలో ఉన్నారు. "వాళ్లకు తెలీదా అత్తా? పైనుంచి కింది దాకా చూస్తారేమో. ఊరికే ఉండు," అంది. తన గొంతు తనకే విసుగ్గా వినిపించింది. భాగీరథమ్మ తల మళ్లీ బల్లకు ఆనించింది.

డాక్టరు భుజంగరావు గుంటూరు వైపు మనిషి. ఆపరేషన్ చేసినాయన వేరే ఊరు వెళ్లిపోతే ఈయన వచ్చి ఆరునెలలైందట. తెలుగువాళ్లని తెలిసి చిరునవ్వు నవ్వాడు. ఒకవైపు కంప్యూటరు చూస్తూ ఇంకోవైపు ఎక్స్‌రేను వెలుగు డబ్బాకు తగిలించాడు.

"బావుందమ్మా. మీ వయసుకు చాలా బావుంది," అన్నాడు. "ఏంటి మీ ఇబ్బంది?"

"పోటు సామీ. నిలబడనీదు."

"ఎక్స్‌రేలో అయితే ఏమీ..." ఆయన ఆగిపోయాడు. లేచి ఎక్స్‌రే దగ్గరికి ముక్కు ఆనేంతగా వంగాడు. "ఇందులో మెటల్ ఏదీ?"

"ఏంది సార్?" అంది సుమ.

"కీలు మార్చారన్నారు కదా? లోహపు కీలు కనపడాలి కదా తెల్లగా. ఈ కాలికి అసలు ఎవరూ ఆపరేషనే చేయలేదే. ఎక్కడ చేయించారు మీరు? వేరే ఆస్పత్రిలోనా?"

"ఈడే సార్. మీ ఆస్పత్రిలోనే. పదకొండు దినాలు ఈడే ఉండాము." సుమ గొంతు పెరిగింది. "మేము అబద్ధాలు చెప్తామా సార్?"

"అబద్ధమని కాదమ్మా. కార్డులో కూడా 'నీ' అనే రాసుంది."

"నాది కాదు సార్," అంది సుమ గాభరాగా. "మా అత్తది."

డాక్టరు ఒక క్షణం అర్థం కానట్టు చూసి, కార్డు తిప్పి, ఆ నాలుగక్షరాల మీద వేలు పెట్టాడు. "నీ కాదమ్మా... నీ. ఇంగ్లీషులో నీ అంటే మోకాలు. ఇదిగో, ఇక్కడ కంప్యూటర్లో కూడా ఉంది. రెండేళ్లలో నాలుగుసార్లు ఫోన్ చేశాం. మోకాలి నొప్పి లేదు. మోకాలు బాగా వంగుతోంది. మెట్లెక్కినా మోకాలికి ఇబ్బంది లేదు. నాలుగుసార్లూ మీవాళ్లే చెప్పారు."

"నా మోకాలికేం రోగం సామీ?" అంది భాగీరథమ్మ. "గుండ్రాయి మాదిరి ఉండాది. మండి నోవు ఉందా అని అడిగిరి, లేదంటి. మండి బగ్గత్తా అంటే, బగ్గత్తె అంటి. కన్నడంలో మండి అంటే మోకాలు కాకుండా ఏమి?" ఆమె చీర అంచు పైకి జరిపి, ఎడమ పాదం ముందుకు చాపి చూపించింది. పాదం పైనుంచి ముంగాలి దాకా నిలువుగా పాత కుట్ల గీత. దాని చుట్టూ చీలమండ బొప్పాయికాయలా ఉబ్బి ఉంది. "వేసింది ఈడ సామీ. ఇదో, ఈడ."

శ్రీజ "అవ్వకు బూచి," అంది ఆ వాపు చూపిస్తూ.

సుమకు ఆపరేషనై ఇంటికి పోయే రోజు గుర్తొచ్చింది. ఇకపై ఫోను చేసి కనుక్కోవడానికని కార్డు రాసిచ్చే కిటికీ. చేతుల్లో నాలుగు నెలల శ్రీజ గుక్కపట్టి ఏడుస్తోంది. కిటికీ లోపలి అమ్మాయి తలెత్తకుండా "ఎల్లి ఆపరేషన్?" అంది, ఆపరేషన్ ఎక్కడని. సుమకు అప్పటికి కన్నడం వచ్చింది పది మాటలు. "చీలమండ," అంది. "ఏను? మండినా?" అంది ఆ అమ్మాయి. పిల్ల ఏడుపులో సగం వినపడింది, సగం వినపడలేదు. తను చెప్పిన మాటే తిరిగి అంటోందనుకుంది. "హా, హా. మండ," అని తల ఊపింది. ఆ తలూపుకే నాలుగక్షరాలు పడ్డాయి.

ఆ తర్వాత ఆనేకల్‌లో రెండేళ్లు కాపురం చేసింది. మండి అంటే మోకాలని ఎప్పుడో తెలిసింది. పక్కింటి ఎల్లమ్మ పిల్లవాడు మండి గీరుకున్నాడని, ఎవరికో మండి నోవని వందసార్లు వింది. ఒక్కసారి కూడా ఆ కిటికీ గుర్తుకు రాలేదు.

డాక్టరు ఫోనెత్తి ఎవరినో గట్టిగా మందలించి, మళ్లీ ఎక్స్‌రేకి పంపాడు. మళ్లీ వరుస. అదే నీలం చొక్కా మనిషి. "మొదలే హేళ్బేకల్లా?" అన్నాడు, ముందే చెప్పొద్దా అని. భాగీరథమ్మ అతని వైపు చూసిన చూపుకు బల్ల మీది పలక పగలాల్సింది. రెండు గంటలు పట్టింది. శ్రీజ బన్ను తిని, నీళ్లు తాగి, బెంచీ మీద నిద్రపోయింది.

ఈసారి ఎక్స్‌రేలో లోహం తెల్లగా మెరిసింది. చూడడం రానివాళ్లకు కూడా అది ఒక పక్కకు ఒరిగిందని తెలుస్తోంది.

"వదులైపోయింది," అన్నాడు భుజంగరావు. గొంతులో ఇందాకటి చనువు లేదు. "పైముక్క ఎముకలోకి దిగబడింది. చుట్టూ ఎముక గుల్లైంది."

"ఇంకొకటి వెయ్యి సామీ," అంది భాగీరథమ్మ.

"వేయడానికి కింద గట్టి ఎముక ఉండాలి కదమ్మా. వేసినా నిలుస్తుందని నాకు నమ్మకం లేదు. దీన్ని తీసేసి, ఎముక నింపి, కీలు అతికించేయడమే మేలు. నొప్పి పోతుంది."

"అతికిస్తే ఆడుతుందా?"

"ఆడదు."

భాగీరథమ్మ చీర అంచు కిందికి దించుకుంది.

సుమ ఆగలేకపోయింది. "ముందే చూసింటే సార్? పోటు మొదలైనప్పుడే చూసింటే?"

"అప్పుడే చూసుంటే మధ్య ప్లాస్టిక్ ముక్క మార్చి, గుల్లైన చోట ఎముక నింపి ప్రయత్నించేవాళ్లమేమో. అదీ గట్టిగా చెప్పలేను. కొందరికి పదేళ్లైనా కదలదు. కొందరికి రెండేళ్లకే ఇలా అవుతుంది. ఎవరికి ఎలా అవుతుందో తెలుసుకోవడానికే ఆ ఫోన్లు."

"ఏం తెల్సుకున్నారు సార్?" అంది సుమ. చేతిలోని ప్లాస్టిక్ కవరు నలిగిపోతోంది. "నాలుగు తూర్లు ఫోన్ చేసి, మంచిగుండే మోకాలు మంచిగుండాదని రాసుకుంటిరి. మా అత్త కాలు మీ లెక్కలో బాగుపడింది. మా ఇంట్లో చెడిపోయింది. మీ పుస్తకంలో మా అత్త పేరు ఏ పక్కన ఉండాది సార్? బాగైనోళ్ల పక్కనే కదా?"

డాక్టరు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "తప్పు జరిగింది. సరి చేయిస్తాను. కానీ మీరు కూడా ఒకసారి వచ్చి చెప్పుండాల్సింది కదమ్మా."

ఆ మాట సుమకు సూదిలా దిగింది, ఎందుకంటే అందులో నిజముంది. ఆయన కార్డు మీద ఆ నాలుగక్షరాలు కొట్టేసి పక్కన ఇంకేదో రాశాడు. "తెలుగులో కూడా రాయండి సార్," అంది సుమ. ఆయన వింతగా చూసి, వంకరటింకర అక్షరాలతో 'చీలమండ' అని రాశాడు. రాయక చాలా ఏళ్లైనట్టుంది. దీర్ఘం మర్చిపోతే సుమే చూపించి పెట్టించింది. ఆపరేషన్ తేదీ ఫోన్లో చెప్తామన్నారు.

బస్టాండులో బెంచీ మీద కూర్చున్నాక సుమ కిటికీ దగ్గర జరిగిందంతా చెప్పేసింది. దాచుకునే ఓపిక లేదు. నిద్రపోతున్న శ్రీజను భుజాన వేసుకుని, ఎదురుగా వచ్చిపోయే బస్సుల వైపు చూస్తూ చెప్పింది. చెప్పడం అయ్యాక అత్త తిడుతుందని ఎదురుచూసింది. తిడితే బాగుండనిపించింది.

భాగీరథమ్మ తన పాదం వైపు చూసుకుంది. "నాకు నోరు లేకపోయెనా?" అంది. "మోకాలి మీద బరువు పడుతుందని ఆ మొదటి డాక్టరు చెప్పింటాడు కదా, అందుకే ముందు మోకాలు అడుగుతాండారేమో, తర్వాత కాలు అడుగుతారేమో అనుకుంటి. మోకాలు అడిగినాక ఫోన్ పెట్టేస్తాండ్రి. ఒక్క తూరన్నా, ఇదోమ్మా, నా కాలి సంగతి అడుగు అని అన్లే. పెద్ద ఆస్పత్రోళ్లకి మనం చెప్పేదేందిలే అంటి."

"ఫోన్ పెట్టినాక నేనడిగితి కదా అత్తా."

"అడిగితివి. కోపంగా అడిగితివి. కోపంగా అడిగినోళ్లకి ఎంత చెప్పాల్నో అంతే చెప్తి." "ఈ పొద్దు ఎక్స్‌రే కాడ కూడా చెప్తి. ఊరికే ఉండు అంటివి," అంది.

సుమ శ్రీజ వీపు నిమురుతూ కూర్చుంది.

"మండీ కాదు, మండా కాదు," అంది భాగీరథమ్మ బస్సు రావడం చూసి లేస్తూ. "మండేది నా కడుపు. పట్టుకో చెయ్యి."

ఇంటికొచ్చాక రెండు వారాలు ఆమె మగ్గం జోలికి పోలేదు. అంతకు ముందు నాలుగు నెలలుగా కుడికాలితోనే రెండు చెక్కలూ తొక్కుతూ నేసిందని సుమకు అప్పుడే తెలిసింది. ఇటు చెక్క మీది నుంచి అటు చెక్క మీదికి ఒకే కాలు మారుస్తూ, రోజుకు మూరెడు. ఆ మూరెడు బట్టను మగ్గం మీద సుమ ఎన్నోసార్లు చూసింది. అత్త బద్ధకించిందనుకుంది.

పదహారో రోజు ఫోను మోగింది. భాగీరథమ్మ పెరట్లో ఉంది. సుమ పరుగెత్తి ఎత్తింది.

"భాగీరథమ్మ మనెనా? సోమవార అడ్మిట్ ఆగ్బేకు," అంది అవతలి గొంతు, సోమవారం వచ్చి చేరాలని. "మండి ఆపరేషన్‌గె."

కార్డు మీద మార్చారు. కంప్యూటర్లో మార్చలేదు.

"మండి అల్ల," అంది సుమ.

"ఇల్లి మండి అంత ఇదే అమ్మా." ఇక్కడ మండి అనే రాసి ఉందట.

"ఇరలి. మండి అల్ల." ఉంటే ఉండనీ, మండి కాదు అనేసరికి ఆమె కన్నడం అయిపోయింది. కోపానికి చాలినంత కన్నడం ఆమె దగ్గర లేదు. "ఇదో చూడమ్మా, నేను ఫోన్ పెట్టను. నువ్వు రాసుకునే దాకా పెట్టను. మండి అల్ల, మండ. చీలమండ."

"ఏను మండ?"

సుమ కిటికీ లోంచి కేకేసింది. "అత్తా, చీలమండను కన్నడంలో ఏమంటారు?"

"పాదద కీలు అను," అని పెరట్లోంచి జవాబు వచ్చింది. "అంతకీ తెలీకపోతే నన్ను రమ్మను, కాలు తీస్కొనొచ్చి చూపిస్తా."

"పాదద కీలు," అంది సుమ ఫోన్లో. "బరీరి. రాసుకో. ఎడమ పాదం. ఎడ. రాసినావా? ఇప్పుడు చదువు, నాకు వినిపించు." అవతలి అమ్మాయి విసుక్కుంటూ చదివింది. "ఇంకొక తూరి," అంది సుమ. అవతల ఫోను పెట్టేశారు.

ఆదివారం పొద్దున భాగీరథమ్మ తలస్నానం చేసి గడప దగ్గర ఎండలో కూర్చుంది. సంచీ సర్దడం అయింది. సుమ అంగడికి పోయి, తడిసినా చెరగదని అంగడివాడు చెప్పిన నల్ల స్కెచ్ పెన్ను కొనుక్కొచ్చింది.

"కాలు చాపు అత్తా."

"ఏందది?"

"రాస్తా. ఆ కార్డునీ నమ్మను, ఆ కంప్యూటర్నీ నమ్మను. కోసేటప్పుడు నువ్వు మత్తులో ఉంటావు, నేను బయటుంటా. ఎవురు చెప్తారు వాళ్లకి?"

భాగీరథమ్మ ఆ పెన్ను వైపు, కోడలి వైపు మార్చి మార్చి చూసింది. "కొంచెం సేపు తాళు," అంది. గోడ పట్టుకుని లేచి, మగ్గం దగ్గరికి పోయి, కూర్చుని, రెండు కాళ్లూ గుంటలోకి దించింది. ఎడమ పాదం ఎడమ చెక్క మీద పెట్టింది. సుమ వద్దనబోయి ఊరుకుంది. పాదం మెల్లగా కిందికి వంగింది. భాగీరథమ్మ దవడ బిగుసుకుంది. చెక్క దిగింది, పోగులు విడివడ్డాయి, నాడె అడ్డపోగును లాక్కుంటూ ఇటునుంచి అటు పోయింది. ఒక్క పోగు. మగ్గం పలకతో దాన్ని నేత దగ్గరికి కొట్టి, పాదం పైకి తీసేసింది.

"ఇప్పుడు రాయి," అంది వచ్చి కూర్చుని, కాలు చాపి.

సుమ అత్త ఎడమ మోకాలి మీద 'ఇది కాదు' అని తెలుగులో రాసింది. దాని కింద కన్నడంలో రాసింది. కింద ఇంగ్లీషులో ఎన్, ఓ అని రెండక్షరాలు పెట్టింది. కుడికాలి మీద కూడా పైనా కిందా అదే రాసింది. ఎడమ చీలమండ మీద, వాపు తగలకుండా, పాత కుట్ల గీత పక్కన 'ఇది' అని రాసింది. శ్రీజ తన బుల్లి మోకాలు కూడా ముందుకు చాపి, "నాక్కూడా," అంది.

"ఎనిమిదో క్లాసుకే ఇంత రాస్తాండావు," అంది భాగీరథమ్మ రెండు కాళ్లూ తిప్పి చూసుకుంటూ. "ఇంకొంచెం చదివింటే నా నెత్తి మీద గూడా రాసుందువు. డాక్టరు నవ్వుతాడు పో."

"నవ్వనీ."

సుమ వేలు తడి చేసి 'ఇది' మీద రుద్ది చూసింది. చెరగలేదు. అయినా నమ్మకం కుదరలేదు. వంగి, ఆ రెండక్షరాల మీద ఇంకోసారి దిద్దింది.